మోటారుకు ఆయువుంది, బ్యాటరీకే దిక్కు లేదు

కార్డ్‌లెస్ డ్రిల్ మిషన్‌లో మామూలుగా ముందు పోయేది బ్యాటరీ. కార్బన్ బ్రష్షులు అరిగితే కొత్తవి వేసుకోవచ్చు, చక్ వదులైతే మార్చుకోవచ్చు, స్విచ్ కాలినా బాగుచేసేవాళ్లు దొరుకుతారు. బ్యాటరీ పోయి, దానికి సరిపడే మరో బ్యాటరీ బజారులో దొరక్కపోతే మాత్రం మోటారు, గేర్లు, బాడీ అన్నీ బాగున్న మిషన్ కూడా తుక్కు కిందే లెక్క. నారాయణఖేడ్ లాంటి పట్టణంలో ఈ ఇబ్బంది మరింత ఎక్కువ. సంగారెడ్డి జిల్లాకు పడమటి కొసన, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులకు దగ్గరగా ఉన్న ఈ ఊరు 1956లో రాష్ట్రాల పునర్విభజన జరిగేదాకా బీదర్ జిల్లాలోని తాలూకా. ఊళ్లో దొరకని సామాను కావాలంటే ఒకవైపు బీదరు, మరోవైపు జహీరాబాదు, సంగారెడ్డి, అక్కడా లేకపోతే సికింద్రాబాద్ రాణీగంజ్ చూడాల్సిందే. వడ్రంగి, అల్యూమినియం పార్టిషన్ పనివాడు, ఫాల్స్ సీలింగ్ వేసేవాడు, సీసీ కెమెరాలు బిగించేవాడు, వీళ్లందరికీ ఛార్జింగ్ మిషన్ ఇప్పుడు రోజువారీ పనిముట్టు. అది ఆగిపోతే ఆ రోజు కూలీ ఆగిపోతుంది. పాత మిషన్లకు బ్యాటరీ సంపాదించే దారులు ఎన్ని ఉన్నాయి, వాటిలో ఏది నమ్మదగినది, అసలు ఈ కరువు ఎందుకు వచ్చింది అన్నది ఒక్కచోట పెట్టి చూడటం ఈ సమీక్ష ఉద్దేశం. నా వాదన ఒక్కటే: బజారులో సెల్లులకు కొరత లేదు. కొరతంతా ఆ సెల్లులు కూర్చునే డబ్బా ఆకారానిది. ఆ ఆకారాన్ని కంపెనీకొకటిగా, తరానికొకటిగా వదిలేసినంత కాలం రిపేరుకు దారి దొరకదు.

ఈ వాదనకు అన్నింటికన్నా గట్టి సాక్ష్యం అదే ఊళ్లో, రైతుల ఇళ్లలో ఉంది. పత్తికి, కందికి, సోయాకు మందు కొట్టే ఛార్జింగ్ పంపులు ఈ ప్రాంతంలో మామూలైపోయాయి. పదహారు లీటర్ల ట్యాంకు అడుగున ఉండే బ్యాటరీ చాలా పంపుల్లో 12 వోల్టుల, 8 ఆంపియర్ అవర్ల సీల్డ్ లెడ్ యాసిడ్ రకం. దాని పొడవు సుమారు 151 మిల్లీమీటర్లు, వెడల్పు 65, ఎత్తు 94. కంప్యూటర్ యూపీఎస్‌లో వాడే 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ కొలతలూ దాదాపు ఇవే. ఎమర్జెన్సీ లైట్లలోనూ ఇదే సైజు కనిపిస్తుంది. పంపు తయారుచేసిన కంపెనీ మూతపడినా, పేరు చెరిగిపోయినా రైతుకు వచ్చే నష్టం లేదు. నాలుగు స్క్రూలు విప్పి, ఎర్ర వైరు, నల్ల వైరు మార్చి, ఏ బ్యాటరీ షాపులోనైనా దొరికే కొత్తది బిగించుకుంటే పంపు మళ్లీ నడుస్తుంది. పైగా పాత బ్యాటరీలోని సీసానికి ధర ఉంది కాబట్టి దుకాణదారు దాన్ని ఎక్స్ఛేంజిలో తీసుకుంటాడు. కెమిస్ట్రీ పరంగా చూస్తే లెడ్ యాసిడ్ బరువైనది, పాతకాలపుది. ఒక పంట నుంచి మరో పంట దాకా ఛార్జింగ్ లేకుండా పడేస్తే పలకల మీద సల్ఫేట్ పేరుకుని చచ్చిపోతుంది. అయినా పంపు బతుకుతోంది, డ్రిల్ చస్తోంది. పంపు బ్యాటరీకి అందరూ ఒప్పుకున్న కొలత ఉంది, డ్రిల్ బ్యాటరీకి లేదు. ఈ రెండింటి మధ్య అసలు తేడా ఇదే.

డ్రిల్ బ్యాటరీకి ఆ కొలత ఎందుకు లేకపోయిందో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అమెరికా కంపెనీ బ్లాక్ అండ్ డెక్కర్ 1961లో వైరు లేని మొదటి డ్రిల్‌ను బజారులోకి తెచ్చింది. దానిలోవి నికెల్ కాడ్మియం సెల్లులు. ఆ తర్వాత నాలుగు దశాబ్దాలకు పైగా ఈ పనిముట్లను ఎక్కువగా ఆ సెల్లులే నడిపాయి. ఒక్కో సెల్లు 1.2 వోల్టులు. పది సెల్లులు వరుసగా కలిపితే 12, పన్నెండు కలిపితే 14.4, పదిహేను కలిపితే 18 వోల్టులు. 2005లో మకిటా, మిల్వాకీ కంపెనీలు లిథియం అయాన్ ప్యాకులతో పెద్ద పనిముట్లను తెచ్చాక పరిస్థితి మారింది. లిథియం సెల్లు 3.6 వోల్టులు కనుక ఐదింటితోనే 18 వోల్టులు వచ్చేశాయి, బరువు తగ్గింది, వాడకుండా పెట్టినా ఛార్జింగ్ నిలిచింది. యూరోపియన్ యూనియన్ అప్పటిదాకా కార్డ్‌లెస్ పనిముట్లకు ఇచ్చిన కాడ్మియం మినహాయింపును 2016 డిసెంబర్ 31తో ముగించింది. దాంతో నికెల్ కాడ్మియం ప్యాకుల గిరాకీ తగ్గిపోయింది. ఈ మార్పు మంచిదే. కానీ పాత మిషన్ల పిడిలోకి గొట్టంలా దూరే ప్యాకుల స్థానంలో కొత్తవాటికి అడుగున జారుడు గాడి వచ్చింది. ఆ గాడిని ప్రతి కంపెనీ తన ఇష్టప్రకారం చెక్కుకుంది. పాత మిషన్ కొన్నవాళ్ల సంగతి ఆలోచించినవాళ్లు తక్కువ.

ప్యాకు లోపల ఏముందో దగ్గరగా చూస్తే ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. 12 వోల్టుల పాత నికెల్ కాడ్మియం ప్యాకు విప్పితే వేలెడు లావున, అట్ట కాగితం చుట్టిన పది సెల్లులు ఉంటాయి. ఒకదాని తలను మరోదాని అడుగుకు కలుపుతూ పలుచని నికెల్ పట్టీలు స్పాట్ వెల్డింగ్ చేసి ఉంటాయి. మధ్యలో వేడిని కనిపెట్టే చిన్న సెన్సర్ ఒకటి ఇరుక్కుని ఉంటుంది. ఒకటి రెండు సెల్లుల అంచుల్లో తెల్లని పొడి పేరుకుని కనిపిస్తే లోపలి క్షారం బయటికి కారిందని అర్థం. మల్టీమీటర్ పెడితే బాగున్న సెల్లు 1.2 వోల్టుల దగ్గర చూపిస్తుంది, చచ్చినది సున్నా చూపిస్తుంది. పదీ వరుసలో ఉన్నాయి కాబట్టి ఒకటి రెండు పోయినా ప్యాకంతా నీరసించిపోతుంది. చాలా లిథియం ప్యాకులు విప్పితే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 మిల్లీమీటర్ల పొడవు ఉన్న సెల్లులు ఐదో పదో కనిపిస్తాయి. వాటిపేరే 18650. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల్లోనూ, పవర్ బ్యాంకుల్లోనూ, కొన్ని ఎలక్ట్రిక్ స్కూటర్లలోనూ కనిపించేది ఈ సైజే. ఎరుపు, నీలం, పసుపు, ఆకుపచ్చ, ఏ రంగు డబ్బా విప్పినా లోపలి సరుకు ఒకే కుటుంబం. కొన్ని డబ్బాల మీద 18 వోల్టులని, మరికొన్నింటి మీద 20 వోల్టులని ఉంటుంది. అక్కడ కూడా వరుసలో ఉండేవి ఐదే సెల్లులు. నిండుగా ఛార్జ్ చేసి, పని పెట్టకముందు కొలిస్తే సెల్లుకు నాలుగు వోల్టుల పైన, పనిచేసేటప్పుడు 3.6. అదే ప్యాకుకు రెండు లెక్కలు. అదే విధంగా 10.8, 12 అని రెండు పేర్లతో వచ్చే చిన్న లిథియం మిషన్లలోనూ ఉండేవి మూడే సెల్లులు.

లోపల ఇంత ఏకత్వం ఉండగా బయట దొరకడం ఎందుకు కష్టమో దారుల వారీగా చూద్దాం. మొదటి దారి, కంపెనీ ఒరిజినల్ ప్యాకు కొనడం. మీ మిషన్ వాడే గాడిని కంపెనీ ఇంకా కొనసాగిస్తుంటే ఇదే ఉత్తమం. మకిటా తన 18 వోల్టుల లిథియం గాడిని 2005 నుంచి కొనసాగిస్తోంది. బాష్ 2008 నుంచి వచ్చిన తన ప్రొఫెషనల్ 18 వోల్టుల మిషన్లకు కొత్త ప్యాకులూ పనిచేసేలా చూస్తోంది. అలాంటి మిషన్ ఉన్నవాడు పదేళ్ల తర్వాత కూడా దిక్కులేనివాడు కాడు. గాడి మారిపోయిన మిషన్లకు దొరికే ఒరిజినల్ ప్యాకు మాత్రం తరచు గోదాంలో ఏళ్ల తరబడి పడి ఉన్నదై ఉంటుంది. బ్యాటరీ వాడకపోయినా ముసలిదవుతుంది. నికెల్ సెల్లులు నెలకు పదిశాతానికి పైగా ఛార్జింగ్ వాటంతట అవే పోగొట్టుకుంటాయి. విడిగా పంపే లిథియం ప్యాకుల్ని 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో సరుకుగా వేయడం నిషిద్ధం, సరుకు విమానాల్లో పంపాలన్నా ఛార్జింగ్ 30 శాతానికి మించకూడదు. అంత తక్కువ ఛార్జింగ్‌తో వచ్చిన ప్యాకు రెండు మూడేళ్లు అల్మారాలో కూర్చుంటే లోపలి సర్క్యూట్ తాగే కాస్త కరెంటుకే సెల్లులు పాతాళానికి పడిపోవచ్చు. అందుకే ఒరిజినల్ కొనేటప్పుడు కూడా తయారీ తేదీ చూడాలి, షాపులోనే ఛార్జర్ మీద పెట్టించాలి, మిషన్‌కు తగిలించి ఒక మందపాటి చెక్కలోకి రంధ్రం వేయించి చూడాలి.

రెండో దారి, వేరే కంపెనీలు చేసే జోడీ ప్యాకులు. బజారులో ఎక్కువగా దొరికేవి ఇవే, ఎక్కువ మోసం జరిగేదీ ఇక్కడే. కానీ ఈ మోసాన్ని పట్టుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు. ఏ కంపెనీ చేసినా మామూలుగా ఒక 18650 సెల్లు సుమారు 3.5 ఆంపియర్ అవర్లకు మించదు. డ్రిల్‌కు కావలసినంత ధారాళంగా కరెంటు ఇవ్వగల రకాలు చాలావరకు 2 నుంచి 3 మధ్యనే ఉంటాయి. అంటే ఐదు సెల్లుల 18 వోల్టుల ప్యాకు నిజాయితీగా ఇవ్వగలిగేది 2 నుంచి 3, పది సెల్లులది 4 నుంచి 6. పది 18650 సెల్లుల డబ్బా మీద 9 అనో 12 అనో రాసి ఉంటే ఆ రాత అబద్ధం. రెండో పరీక్ష తక్కెడ. ఒక్కో సెల్లు 45 గ్రాముల పైచిలుకు తూగుతుంది. పది సెల్లులకే 450 గ్రాములు దాటాలి, డబ్బా, పట్టీలు, సర్క్యూట్ కలిపితే 600 గ్రాముల దగ్గరికి రావాలి. ఆరు ఆంపియర్ అవర్లని రాసున్న ప్యాకును కిరాణా షాపు తూకం మీద పెడితే 400 గ్రాములే చూపించిందంటే లోపల ఐదే సెల్లులు ఉన్నాయి. మూడో పరీక్ష ముద్ర. చేతిలో పట్టుకుని వాడే వస్తువుల లిథియం బ్యాటరీలకు మన దేశంలో ఐఎస్ 16046 ప్రమాణం ప్రకారం భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) నమోదు తప్పనిసరి. లేబుల్ మీద ఉండే ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే అది ఎవరిదో తెలిసిపోతుంది. ఈ మూడు పరీక్షల్లో నెగ్గిన ప్యాకును కంపెనీది కాదన్న ఒక్క కారణంతో కొట్టిపారేయనక్కర్లేదు.

మూడో దారి, పాత డబ్బా ఉంచుకుని లోపలి సెల్లులు మార్పించడం. నా దృష్టిలో పాత మిషన్లకు అన్నింటికన్నా అర్థవంతమైన దారి ఇది. ఎందుకంటే దొరకని ఆకారం మన చేతిలోనే ఉంది, దొరికే సెల్లులే కొనాలి. ఎలక్ట్రిక్ సైకిళ్లు, స్కూటర్ల బ్యాటరీలు బాగుచేసేవాళ్లు పెరిగాక స్పాట్ వెల్డింగ్ మిషన్ చిన్న షాపులకూ అందుబాటులోకి వచ్చింది. హైదరాబాద్ దాకా వెళ్లగలిగితే ఈ పని చేసేవాళ్లు దొరుకుతారు. అయితే పని తెలిసినవాడికి, తెలియనివాడికి తేడా కనిపెట్టే గుర్తులు కొన్ని ఉన్నాయి. చచ్చిన రెండు సెల్లులే మార్చి మిగతా ఎనిమిది అలాగే ఉంచుతానన్నాడంటే ఆ ప్యాకు ఎక్కువ కాలం నిలవదు. ముసలి సెల్లుల మధ్య కొత్తది పెడితే బరువంతా మళ్లీ అసమానంగానే పడుతుంది. సెల్లు మీద నేరుగా సోల్డరింగ్ చేస్తే ఆ వేడికి లోపలి పొరలు దెబ్బతింటాయి. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి పీకిన సెల్లులు వేస్తానన్నా ఒప్పుకోకూడదు. బిట్టు ఇరుక్కుని మోటారు ఆగిపోయిన క్షణంలో డ్రిల్ 30, 40 ఆంపియర్లు దాకా లాగగలదు. ల్యాప్‌టాప్ సెల్లు నాలుగైదు ఆంపియర్ల కోసం చేసినది, అంత లాగితే వేడెక్కి వోల్టేజి కూలిపోతుంది. డ్రిల్‌కు 20 ఆంపియర్లైనా ఇవ్వగల రకమే వేయాలి. నికెల్ కాడ్మియం ప్యాకులోకి నికెల్ మెటల్ హైడ్రైడ్ సెల్లులు వేసుకుంటే కాడ్మియం బెడద పోతుంది, వోల్టేజి కూడా మారదు. కానీ టైమరు మీద నడిచే మరీ చౌక ఛార్జర్ వాటిని ఎక్కువ కాల్చేస్తుంది కనుక వేడి చూసి ఆగే ఛార్జర్ అయితేనే ఆ మార్పు సురక్షితం.

కొందరు ఒక అడుగు ముందుకేసి పాత నికెల్ డబ్బాలో లిథియం సెల్లులు పెట్టించుకుంటారు. లెక్క ప్రకారం కుదురుతుంది. పన్నెండు వోల్టుల డ్రిల్‌కు మూడు, పద్దెనిమిది వోల్టుల డ్రిల్‌కు ఐదు చాలు. ప్రమాదమంతా ఛార్జర్ దగ్గర ఉంది. లిథియం సెల్లును 4.2 వోల్టుల దగ్గర కచ్చితంగా ఆపాలి. పాత నికెల్ ఛార్జర్‌కు ఆ గీత తెలియదు, కరెంటు తోస్తూనే ఉంటుంది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, డ్రిల్ బాగుచేయబోయి ఇంటికి నిప్పు పెట్టుకోవడమే ఇది. సెల్లులతో పాటు ప్రతి సెల్లునూ కనిపెట్టుకునే బీఎంఎస్ సర్క్యూట్, దానికి తగిన లిథియం ఛార్జర్ వేయించి, పాత ఛార్జర్‌ను ఇంట్లో లేకుండా చేసినప్పుడే ఈ మార్పుకు ఒప్పుకోవచ్చు. దీనికంటే తక్కువ ప్రమాదంతో అదే ఫలితమిచ్చేది అడాప్టర్. డివాల్ట్ తన పాత 18 వోల్టుల గొట్టం రకం మిషన్లకు కొత్త లిథియం ప్యాకులు తగిలించుకునేలా డీసీఏ1820 అనే అడాప్టర్‌ను తానే తయారుచేసి అమ్మింది. ఒక కంపెనీ తలుచుకుంటే పాత కొనుగోలుదారును వదిలేయకుండా కొత్త తరానికి వెళ్లవచ్చని ఆ చిన్న ప్లాస్టిక్ ముక్క నిరూపించింది. ఇక నికెల్ కాలపు 12 వోల్టుల డ్రిల్‌కు ఏ దారీ లేకపోతే బయట నుంచి 12 వోల్టుల బైకు బ్యాటరీతో నడుపుకోవచ్చు. వైరు మందంగా, పొట్టిగా ఉండాలి, బ్యాటరీ దగ్గరే ఫ్యూజు ఉండాలి. వైరు లేని సుఖం పోతుంది కానీ మిషన్ బతుకుతుంది.

వైరు మాట వచ్చింది కనుక ఒక నిజం ఒప్పుకోవాలి. ప్రతి పాత కార్డ్‌లెస్ మిషన్‌నూ బతికించాల్సిన అవసరం లేదు. ఒకేచోట కూర్చుని తలుపులు, మంచాలు చేసే వడ్రంగికి వైరున్న డ్రిల్లే మేలు. అది చౌక, బలమైనది, బ్యాటరీ బాధ లేనిది. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి కూడా 24 గంటల కరెంటు మొదలయ్యాక, కరెంటు కోతల భయంతో ఛార్జింగ్ మిషన్ కొనే కారణం చాలావరకు పోయింది. కప్పు మీద, స్తంభం మీద, ఇంకా కనెక్షన్ రాని కొత్త ఇంట్లో పనిచేసేవాళ్లకు మాత్రం కార్డ్‌లెస్‌కు ప్రత్యామ్నాయం లేదు. ఈ వ్యాసంలోని చింతంతా వాళ్ల గురించే. అలాంటి పని ఉన్నవాడు కొనేటప్పుడే బ్యాటరీని చూసి కొనాలి, లేనివాడు అసలు కొనకూడదు.

ఇప్పుడు నా వాదనకు ఎదురయ్యే అభ్యంతరాలకు వస్తాను. మొదటిది, భద్రత. బయటివాళ్లు చేసిన ప్యాకులు పేలతాయి, కాలతాయి, అందుకే మా ఆకారం, మా తాళం అని కంపెనీలు అంటాయి. ఇందులో సగం నిజం ఉంది. బీఎంఎస్ లేని నాసిరకం లిథియం ప్యాకు నిజంగానే ప్రమాదకరం. నలభై డిగ్రీలు దాటే మన ఎండల్లో, రేకుల షెడ్డులో, బైకు డిక్కీలో పడేసిన ప్యాకు గురించి చెప్పనక్కర్లేదు. కానీ మిగతా సగం కూడా చూడాలి. ఒరిజినల్ దొరికే ఊళ్లో నాసిరకం కొనేవాడు తక్కువ. దొరకని ఊళ్లో పనివాడికి నాసిరకమే గతి. అంటే ఒరిజినల్‌ను దొరక్కుండా చేయడం వల్ల భద్రత పెరగడం లేదు, తగ్గుతోంది. కొన్ని ప్యాకుల్లోని సర్క్యూట్ రెండు మూడుసార్లు ఛార్జింగ్ తప్పితే శాశ్వతంగా తాళం వేసుకుంటుంది. సెల్లులు మార్పించినా తెరుచుకోదు. నిప్పు రాకుండా ఆపే తాళం అవసరమే. పని తెలిసినవాడు పరీక్షించి తీయగలిగే వీలు లేని తాళం మాత్రం భద్రత పేరుతో వేసిన గొళ్లెం. భద్రతే ముఖ్యమైతే దానికి ప్రమాణాలున్నాయి, పరీక్షలున్నాయి, బీఐఎస్ ఉంది. గాడి ఆకారానికీ మంటలకూ సంబంధం లేదు.

రెండో అభ్యంతరం, అందరికీ ఒకే ఆకారం పెడితే కొత్త ఆవిష్కరణలు ఆగిపోతాయని. దీనికి జవాబు ఆ కంపెనీల చరిత్రలోనే ఉంది. ఒకే గాడిని పదిహేనేళ్లకు పైగా ఉంచిన కంపెనీలు అదే గాడి మీద సెల్లుల సామర్థ్యాన్ని పెంచుకుంటూ వచ్చాయి, బ్రష్‌లెస్ మోటార్లు తెచ్చాయి, కటింగ్ మిషన్ల నుంచి వ్యాక్యూమ్ క్లీనర్ల దాకా చేశాయి. ఆకారం నిలకడగా ఉండటం వాళ్లకు అడ్డం కాలేదు, బలమైంది. ఇంకా ముందుకెళ్లి జర్మనీకి చెందిన మెటాబో 2018లో పలు కంపెనీలతో కలిసి ఒకే ప్యాకు వాడే క్యాస్ కూటమిని మొదలుపెట్టింది. బాష్ 2020లో ఇంటి, తోట పనిముట్ల కోసం పవర్ ఫర్ ఆల్ కూటమిని, 2022లో వృత్తిదారుల కోసం ఆంప్‌షేర్‌ను తెచ్చింది. పోటీదారులు ఒకే బ్యాటరీని పంచుకోవడం సాధ్యమేనని ఇవి చెబుతున్నాయి. వీటి లోపం కూడా చెప్పాలి. ఒక కూటమి ప్యాకు మరో కూటమి మిషన్‌కు పట్టదు. చిన్న గోడలు కూల్చి పెద్ద గోడలు కట్టినట్టే ఉంది. అందుకే కంపెనీల మంచితనానికే ఈ పని వదిలేయలేం, చట్టం కావాలి.

చట్టం ఈ పని చేయగలదా అంటే చేయగలదని ఫోన్ ఛార్జర్లు చూపించాయి. యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబర్ 28 నుంచి కొత్త ఫోన్లకు టైప్‌-సీ పోర్టు తప్పనిసరి చేసింది. మన బీఐఎస్ కూడా 2023లో టైప్‌-సీకి భారతీయ ప్రమాణం ప్రకటించింది. బ్యాటరీల విషయంలో యూరప్ 2023లో చేసిన నియంత్రణ ప్రకారం 2027 ఫిబ్రవరి 18 నుంచి వస్తువుల్లో ఉండే పోర్టబుల్ బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకోగలగాలి. ఆ మోడల్ చివరిగా బజారుకు వచ్చాక కనీసం అయిదేళ్లు విడి బ్యాటరీ దొరకాలి. మన దగ్గర కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను గుర్తించింది. ఆ ఏడాది డిసెంబర్ 24న రిపేరు హక్కు పోర్టల్ మొదలైంది. 2024లో రిపేరు సూచీ తయారీకి మరో కమిటీ ఏర్పడింది. వ్యవసాయ పరికరాల్లో మందు కొట్టే పంపుకు చోటుంది. వడ్రంగి డ్రిల్‌కు, ఫాల్స్ సీలింగ్ పనివాడి స్క్రూ మిషన్‌కు ఆ నాలుగింటిలో విడిగా పేరు లేదు. రోజు కూలీ మీద బతికే చేతివృత్తివాడి పనిముట్టు కంటే ముందు రిపేరు హక్కు దక్కాల్సిన వస్తువు ఏముంటుంది? పంపుల విషయంలోనూ ఆలస్యం చేయకూడదు. ఇప్పుడు లిథియం పంపులు వస్తున్నాయి. అవి కూడా కంపెనీకొక గాడి పెట్టుకుంటే ఇన్నాళ్లూ రైతుకు ఉన్న సౌలభ్యం పోతుంది, డ్రిల్‌కు పట్టిన గతే పంపుకూ పడుతుంది.

మూడో అభ్యంతరం డబ్బు లెక్క. కొత్త ప్యాకు ధర కొత్త మిషన్ ధరలో పెద్ద వాటా ఉంటుంది, ఇంకొంచెం వేసుకుంటే రెండు బ్యాటరీలతో కొత్త కిట్టే వస్తుంది, పాతదాని వెంట పడటం ఎందుకని షాపువాడు అడుగుతాడు. జేబు మాత్రమే చూస్తే కొన్నిసార్లు ఆ మాట నిజమే. అయితే ఆ లెక్కలో రెండు ఖర్చులు కనిపించవు. ఒకటి, కొత్త కిట్టు కొత్త గాడితో వస్తే ఇంట్లో ఉన్న పాత ఛార్జర్, పాత బ్యాటరీలు, అదే గాడి మీద నడిచే మిగతా మిషన్లు కూడా ఒకేసారి పనికిరాకుండా పోతాయి. రెండోది నేలకు, నీటికి పడే ఖర్చు. నికెల్ కాడ్మియం ప్యాకులోని కాడ్మియం మట్టిలోకి దిగితే వరి దాన్ని పీల్చుకుంటుంది. జపాన్‌లోని జింజు నది ఒడ్డున గనుల కాడ్మియం పొలాల్లోకి చేరి ఎముకలు విరిగే ఇటాయ్ ఇటాయ్ జబ్బుగా మారింది. ఆ దేశం 1968లో దాన్ని కాలుష్యం వల్ల వచ్చిన జబ్బుగా అధికారికంగా ఒప్పుకుంది. విషం నేలలోకి, నీళ్లలోకి దిగితే ఏమవుతుందో సంగారెడ్డి జిల్లాకు ఎవరూ కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. పటాన్‌చెరు పరిశ్రమల కాలుష్యం మీద రైతులు, ఉద్యమకారులు దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. మంజీర నీళ్లు తాగే ఈ జిల్లాలో కాడ్మియం ప్యాకులు పెంటకుప్పల్లో కలవకూడదు.

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిర్వహణ నియమాలు ఈ బాధ్యతను తయారీదారుల మీద పెట్టాయి. అమ్మినవాళ్లే వెనక్కి తీసుకోవాలి, రీసైక్లింగ్‌కు పంపాలి. వాడినవాడు మామూలు చెత్తలో వేయకుండా వేరుగా ఇవ్వాలి. కాగితం మీద ఇది బాగుంది. కానీ సీసం బ్యాటరీకి ఉన్న ఎక్స్ఛేంజి ధర డ్రిల్ ప్యాకుకు లేదు. ధర లేని వస్తువును వెనక్కివ్వడానికి బస్సు ఛార్జీ పెట్టుకుని ఎవరూ వెళ్లరు. పాత ప్యాకు తెచ్చినవాడికి కొత్తదాని మీద ఎంతో కొంత తగ్గించాలన్న షరతు ఉంటే నారాయణఖేడ్ హార్డ్‌వేర్ షాపే సేకరణ కేంద్రమవుతుంది. మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో సెల్లుల ఫ్యాక్టరీ కోసం అమరరాజా సంస్థ 2022 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. పదేళ్లలో 9,500 కోట్ల రూపాయల పెట్టుబడి అని అప్పుడు ప్రకటించారు. తెలుగు నేల మీదే సెల్లులు తయారయ్యే రోజుకు, వాటిని ఏ డబ్బాలోనైనా వేసుకోగలిగే చిన్న రిపేరు షాపులు జిల్లాల్లో ఉంటే ఆ పెట్టుబడి ఫలం పనివాడి దాకా వస్తుంది.

ఇన్ని దారులు చూశాక తీర్పు ఇలా ఉంటుంది. మీ మిషన్ గాడి ఇంకా నడుస్తున్నదైతే తయారీ తేదీ చూసి ఒరిజినల్ ప్యాకు కొనండి. గాడి ఆగిపోయి, కంపెనీ అడాప్టర్ అమ్ముతుంటే అది తీసుకోండి. రెండూ లేకపోతే ఎక్కువ కరెంటు ఇవ్వగల కొత్త సెల్లులతో మొత్తం ప్యాకును మార్పించండి. జోడీ ప్యాకు కొనాల్సి వస్తే సెల్లుల లెక్క, తూకం, బీఐఎస్ నంబరు మూడూ సరిచూసుకోండి. నికెల్ ఛార్జర్‌లో లిథియం ప్యాకు ఎట్టి పరిస్థితుల్లోనూ పెట్టకండి. వాడని లిథియం ప్యాకును సగం ఛార్జింగ్‌తో, ఎండ తగలని చోట దాచండి. కొత్తది కొనేవాళ్లు డ్రిల్ బలం గురించి అడిగే ముందు రెండు ప్రశ్నలు అడగండి: ఈ గాడి ఎన్నేళ్లుగా ఉంది, విడి బ్యాటరీ ఇప్పుడు షాపులో ఉందా? ప్రభుత్వానికి నా విన్నపం కూడా రెండు మాటలే. 2023 సెప్టెంబర్ 17న మొదలైన పీఎం విశ్వకర్మ పథకం కింద వడ్రంగితో సహా 18 వృత్తులవారికి పనిముట్ల కోసం 15,000 రూపాయల వోచర్ ఇస్తున్నారు. ఆ డబ్బుతో కొనే ఛార్జింగ్ పనిముట్టుకు కనీసం అయిదేళ్లు విడి బ్యాటరీ దొరుకుతుందన్న రాతపూర్వక హామీని షరతుగా పెట్టండి. రిపేరు హక్కు జాబితాలో చేతివృత్తుల పనిముట్లను చేర్చి, వాటి బ్యాటరీ గాడికి ఒక భారతీయ ప్రమాణం నిర్ణయించండి. మందు పంపు రైతుకు దక్కిన న్యాయం డ్రిల్ పట్టే పనివాడికీ దక్కాలి.